నడకరాయుడి అచ్చులు

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. నది ఊళ్ళోకి వచ్చింది, కావలసినవన్నీ పట్టుకుపోయింది, తనకు అక్కర్లేని బురద మాత్రం మనవాళ్ళకు వదిలి వెళ్ళింది. బూట్ల వీధిలో అంగళ్ళన్నీ పోయాయి. మిగిలినవాళ్ళు పాత ధాన్యపు గోదాములో అందరికీ కలిపి ఒక షెడ్డు పెట్టుకున్నారు. బురదలోంచి ఏరుకున్న సుత్తులు, తోలుకు బెజ్జాలు వేసే ఆరెలు, కుట్టుమిషన్లు అందరివీ. పని కూడా అందరిదీ. తెగిన గట్టును మళ్ళీ కట్టే కూలీలకు బురదలో దిగే బూట్లు కావాలి. ఆ పని బయటి కంపెనీకి పోకుండా మన వీధికే రావాలని సహాయ సంఘం నడిపే టీచరమ్మ కనపడ్డ ప్రతి ఆఫీసరుతోనూ కీచులాడింది. సరే, ముందు ఒక నమూనా జత చూపించమన్నారు. చూపిస్తే వీధికి అన్నం, లేకపోతే తలో దిక్కు.

చిక్కేమిటంటే మధ్యకొలత అచ్చులు లేవు. అచ్చంటే చెక్కతో చేసిన పాదం. దాని మీద తోలు లాగి బిగించి బూటు కుడతారు. వీధిలో ఉన్న ఆ కొలత అచ్చులన్నీ నది వెంట వెళ్ళిపోయాయి, దొరికినవి నీళ్ళు తాగి పగిలాయి. "ఎవరింట్లోనైనా ఒక్క జత మిగిలిందా?" అని కిందటి వారం టీచరమ్మ షెడ్డులో నిలబడి అడిగింది. అందరూ తల అడ్డంగా ఊపారు. మైనం వదిన కూడా ఊపింది. ఊపి, ఇంటికొచ్చి, తలుపు గడియ వేసుకుని, మంచం కింది పెట్టె బయటికి లాగింది.

పెట్టెలో పాత దుప్పటి. దుప్పటిలో మధ్యకొలత అచ్చులు, జతకు జత.

ఆమెను మైనం వదిన అని ఎందుకంటారో కూడా చెప్పుకోవాలి. మైనం పూసిన దారంతో బూట్లు కుట్టే చేతులు గనుక ఆ పేరు వచ్చింది. పట్టుకున్నది వదలని స్వభావం గనుక ఆ పేరు నిలిచింది. ఇప్పుడు ఆమె పట్టుకున్నది మొగుడి పాదాలు.

ఆ మొగుడు కాలికి బలపం కట్టుకుని తిరిగే రకం. కుట్టిన బూట్లు సంచిలో వేసుకుని, నది పొడవునా ఉన్న ఊళ్ళకు నడిచే వెళ్ళి ఇచ్చొచ్చేవాడు. బస్సు ఎక్కరాదా అంటే, బస్సు ఎక్కితే ఊళ్ళు నన్ను చూడలేవు కదా అనేవాడు. వీధి అతనికి నడకరాయుడని పేరు పెట్టింది. నడిచి నడిచి ఎడమ పాదంలో బొటనవేలి మొదట ఎముక బయటికి పొడుచుకొచ్చింది. ఆ బొడిపె పెరిగినప్పుడల్లా అచ్చు మీద అదే చోట ఒక తోలుముక్క అతికించాలి, లేకపోతే బూటు కరుస్తుంది. అట్టడుగు ముక్క పెళ్ళికి ముందు తండ్రి అతికించింది. ఆ పైవన్నీ భార్య అతికించినవి. కొలత తీసుకునేటప్పుడు చక్కిలిగిలి అంటూ కాలు లాగేసుకునేవాడు. బూట్ల మేస్త్రి కొడుక్కి అరికాళ్ళలో చక్కిలిగిలి! వీధంతా ఈ మాట చెప్పుకుని నవ్వేది.

వరద వచ్చిన నాడు కూడా అతను సంచి భుజాన వేసుకునే వెళ్ళాడు. తిరిగి రాలేదు. కొట్టుకొచ్చిన వాళ్ళలో లేడు, శిబిరాల్లో లేడు, వెతికినవాళ్ళు వెతికి విసిగారు.

ఆమె ఎడమ అచ్చు ఒళ్ళో పెట్టుకుని బొడిపె మీద చెయ్యి వేసింది. అతను కావాలి ఆమెకు. అతని మాట కావాలి, బురదకాళ్ళతో ఇంట్లోకి వచ్చేయడం కావాలి, తను కేకలేస్తుంటే గుమ్మంలో నిలబడి నవ్వే ఆ నవ్వు కావాలి. అవేవీ లేవు, ఈ చెక్క ఉంది. దీన్ని కూడా ఇచ్చేయమంటే ఎలా?

తలుపు మీద చప్పుడైంది.

"అమ్మాయ్, తలుపు తియ్యి."

మామగారు. వీధికంతటికీ మేస్త్రి.

"తలనొప్పిగా ఉంది మామయ్యా."

"తలనొప్పొస్తే మంచం మీద పడుకుంటారు గానీ మంచం కిందకి దూరరు. నువ్వు పెట్టె ఈడ్చిన చప్పుడు వీధి చివరిదాకా వినపడింది. తియ్యి."

ఆమె తలుపు తీసింది. మేస్త్రి లోపలికి వచ్చి మంచం కోడు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. వరదలో విరిగిన కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది, ఇక ఉలి పట్టదు. పట్టినా పచ్చి కొయ్యతో అచ్చు చెక్కలేం, ఆరేసరికి కొలత తప్పుతుంది. ఊళ్ళో ఎండిన కొయ్య అన్నదే లేకుండా పోయింది. ఇదంతా ఆయన చెప్పలేదు. ఇద్దరికీ తెలిసిందే.

"మీకెప్పట్నుంచి తెలుసు?" అంది ఆమె.

"నీళ్ళొచ్చిన రోజు నుంచీ. అందరూ బియ్యం డబ్బాలు పట్టుకుని డాబా ఎక్కితే నువ్వు దుప్పటిమూట చంకలో పెట్టుకుని ఎక్కావు. మూటలోంచి మడమ బయటికి కనపడుతోంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే లోకానికి కనపడదా?"

"మరి షెడ్డులో ఎందుకు చెప్పలేదు?"

"నీ నోటితో నువ్వే చెప్తావని చూశాను. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరుగుతున్నాం. నిన్న చిన్న అచ్చుకి తోలు చుట్టి పెద్దది చేసి కుట్టారు చూడు మనవాళ్ళు, అది బూటా? గుమ్మడికాయకి తొడిగిన మేజోడు! టీచరమ్మ తనే తొడుక్కుని చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, చాలా బావుంది అంది పాపం."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు కోపమొచ్చింది.

"ఇవి మధ్యకొలతవి కావు మామయ్యా. ఆయన కొలతవి."

"ఆ తోలుముక్కలు పీకేస్తే మధ్యకొలతే. చెక్కినవాణ్ణి, నాకు చెప్తావా?"

"పీకడమా!" ఆమె అచ్చును వెనక్కి లాక్కుంది. "ఆయనొచ్చాక?"

"వచ్చాక మళ్ళీ కొలుస్తాను."

"వస్తాడని మీరు అనుకోవడం లేదు. అనుకునుంటే అడిగేవాళ్ళు కాదు. కన్నతండ్రయ్యుండి ముందు మీరే వదిలేశారు."

అనకూడని మాట అని ఆమెకు తెలుసు. వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. మేస్త్రి తన వంకర చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"రోజూ సాయంత్రం నేనెక్కడికి పోతున్నాననుకుంటున్నావు?" అన్నాడు.

"గాలికి."

"పడవల రేవుకి. మెట్ల మీద కూర్చుని దిగేవాళ్ళ కాళ్ళు చూస్తుంటాను. మొహాలు చూడను. మొహం చిక్కిపోవచ్చు, గడ్డం పెరగొచ్చు, నా కళ్ళు అసలే అంతంత మాత్రం. నడక మారదు కదా. ఎడమ కాలు కాస్త బయటికేసి, ఏదో పెళ్ళికి పోతున్నట్టు నడుస్తాడు వెధవ. ఆ నడక కోసం చూస్తాను. ఆఖరి పడవ కూడా ఖాళీ అయ్యాక లేచొస్తాను. ఇప్పుడు చెప్పు, వదిలేశానా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఎదురుచూసేది తనొక్కతే అనుకుంది. ఆ ఎదురుచూపుకు తనే సొంతదారనుకుంది. ఒకే కప్పు కింద ఇద్దరు మనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే మనిషి కోసం చూస్తున్నారు. ఎంత వెర్రితనం!

"మీరు నాకు చెప్పుండాల్సింది," అంది.

"నువ్వూ చెప్పుండాల్సింది. సరిపోయింది." మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, ఆ పని మనకు రాకపోతే షెడ్డు మూసేస్తారు. ఎవరి బతుకు వాళ్ళు వెతుక్కుంటూ పోతారు. ఎదురింటివాళ్ళు అప్పుడే మూట కట్టేశారు. రేపు వాడొచ్చేసరికి వీధే లేకపోతే వాడెక్కడికి రావాలి? వాడికి దారులన్నీ తెలుసు. చేరడానికి చోటుండొద్దూ?"

ఆ మాట ఆమెకు తగిలింది. మిగతా మాటలన్నీ ఆమె కాదనగలదు, దాన్ని కాదనలేకపోయింది. లేచి వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు కాచింది. వేడినీళ్ళ గుడ్డ బొడిపె మీద వేసి, జిగురు మెత్తబడేదాకా పట్టుకుని కూర్చుంది.

"నేను పీకనా?" అన్నాడు మేస్త్రి.

"మీరు ముట్టుకోకండి."

చిన్న కత్తి మొన దూర్చింది. పైముక్క లేచింది. అది కిందటేడాదిది. తొందరలో అతికించింది, అంచు కూడా సరిగా చెక్కలేదు, అతను ఊరికి పోతూ గుమ్మంలో నిలబడి కంగారు పెట్టాడు. దాని కింద నల్లతోలుది, ఆమె జ్వరపడి లేచిన ఏటిది. జ్వరంలో ఆమెకు గంజి కాచి పెట్టింది అతనే. అందులో ఉప్పు మరిచిపోయి, ఉప్పు జ్వరానికి మంచిది కాదని బుకాయించాడు. ఆ కింద ఎర్రముక్క. అది పెళ్ళయిన కొత్తల్లోది. మొదటిసారి అతని పాదం చేతిలోకి తీసుకుని కొలిచినప్పుడు సిగ్గుతో కొలత తప్పు పోయింది, ఆ ఏడంతా బూటు కరిచినా అతను చెప్పలేదు. ఒక్కో ముక్క ఊడుతుంటే చెక్కపాదం పడుచుదనంలోకి వెళ్తోంది. ఆమె ఏడుస్తూనే పీకింది, పీకుతూనే ఏడ్చింది.

అట్టడుగు ముక్క దగ్గర ఆగి కత్తి మామగారికి ఇచ్చింది.

"ఇది మీరు పెట్టింది."

మేస్త్రి ఎడమచేత్తో కత్తి పట్టుకున్నాడు. ఆ ముక్క రావడానికి మొండికేసింది. "నా జిగురు మరి," అన్నాడు.

తెల్లారి ఆమె అచ్చులు తీసుకెళ్ళి షెడ్డులో పెద్దబల్ల మీద పెట్టింది. సుత్తుల చప్పుడు ఆగిపోయింది. అవి ఎవరి అచ్చులో ఆ షెడ్డులో తెలియనివాళ్ళు లేరు. టీచరమ్మ మామూలుగా ఒక సంగతి వినిందంటే నాలుగు ప్రశ్నలు వేయందే వదలదు. ఆ రోజు ఒక్కటీ వేయలేదు. వచ్చి వదిన భుజం మీద చెయ్యి వేసి, కళ్ళజోడు తుడుచుకోవడానికి బయటికి పోయింది.

తర్వాత పని పనే. తోలు నానబెట్టారు, అచ్చు మీద లాగారు, మేకులు దిగాయి. ఎడమ బూటు కుట్టు ఎవరికీ ఇవ్వలేదు వదిన. తనే కుట్టింది. జత పూర్తయ్యాక, తొడిగి చూడడానికి గట్టుపని ముఠాలోంచి ఒక మనిషిని సాయంత్రం పంపించమని కబురు పెట్టారు. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన బూటు సాయంత్రానికి శత్రువనేది మేస్త్రి మాట.

వచ్చినవాడు పొరుగు ప్రాంతం నుంచి కూలికొచ్చిన మనిషి. మట్టికొట్టుకుని ఉన్నాడు, వసపిట్టలా వాగుతున్నాడు. ముక్కాలిపీట మీద కూర్చోబెడితే సిగ్గుపడిపోయాడు.

"నేను తొడుక్కుంటాలే అక్కా, నువ్వు నా కాళ్ళు పట్టుకోవడమేంటి!"

"నీ కాళ్ళు కాదు పట్టుకునేది, మా బూట్లు. కదలకుండా కూర్చో," అంది వదిన.

అతను పాత బూట్లు విప్పి పక్కన పెట్టాడు. ఆమె కొత్తవి తొడిగి, తాళ్ళు బిగించి, మడమ దగ్గర నొక్కి చూసింది. లేచి నడవమంది. నడిచాడు. గెంతాడు. గోదాము బయట నీళ్ళగుంటలోకి దిగి పైకొచ్చాడు.

"చుక్క నీళ్ళు దూరలేదక్కా! ఎక్కడా కరవట్లేదు కూడా. ఇలాంటివిస్తే గట్టేంటి, కొండైనా కడతాం!"

షెడ్డంతా ఈలలు, చప్పట్లు. టీచరమ్మ ఆఫీసరుకు చెప్పడానికి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. బూట్ల షెడ్డు నడిపే మనిషి వట్టికాళ్ళతో పోతోందని వెనకనుంచి ఎవరో అరిచారు. వరద తర్వాత ఆ గోదాములో అంత నవ్వు ఎవరూ వినలేదు.

వదిన కూడా నవ్వుతూనే అతని పాత బూట్లు దారికి అడ్డంగా ఉన్నాయని చేతిలోకి తీసుకుంది. తీసుకున్న వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఎడమ బూటు, బొటనవేలి మొదట, బయటికి ఉబ్బిన తోలు. ఉబ్బు చుట్టూ దగ్గరదగ్గరగా వేసిన కుట్టు. ఆ చోట అలా కుట్టు వేసే చెయ్యి ఈ లోకంలో ఒక్కటే, అది ఇప్పుడు ఆ బూటును పట్టుకుని ఉంది.

నవ్వులు ఎక్కడో దూరంగా వినపడ్డాయి. ఆమె అతని పక్కన నేల మీద కూలబడింది.

"ఇవి నీకు సరిపోవు," అంది మెల్లగా. "ఎడమది ఇక్కడ వదులుగా ఉంటుంది."

"అవునక్కా! గుడ్డపేలిక కుక్కుకుంటున్నాను. ఎలా తెలిసింది?"

"కుట్టింది నేను."

అతని మొహంలో రంగు పోయింది. "దొంగతనం చెయ్యలేదక్కా. ఒట్టు. ఒకన్న ఇచ్చాడు."

"బతికున్నాడా?"

ఆ మాట ఆమె గొంతులోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. అతను కొంచెం నొచ్చుకున్నాడు.

"చచ్చినవాళ్ళ కాళ్ళ మీదివి లాక్కునే మొహంలా ఉందా నాది? బతికే ఉన్నాడు. ఆస్పత్రిలో నాకు విషజ్వరమొచ్చినప్పుడు పక్కమంచం అన్న. ఊళ్ళ కబుర్లు తెగ చెప్పేవాడు. నన్ను పంపించేసే రోజు నాకు చెప్పుల్లేవు. మంచం కిందనుంచి ఇవి తీసిచ్చాడు. నీకు కావాలి కదన్నా అన్నాను. ఒంటికాలికి జతెందుకురా, నువ్వేసుకో అన్నాడు."

బతికున్నాడు అన్న మాట ఇంకా పూర్తిగా ఆమె లోపలికి దిగనేలేదు, అంతలోనే రెండో మాట వచ్చి మీద పడింది.

"ఏ కాలు?"

"ఎడమది. వరదలో రేకు కోసుకుపోయిందట. ఆస్పత్రికి చేరేసరికే కుళ్ళిపోయింది, మోకాలి కింద తీసేశారు." అప్పటికి అతనికి అర్థమైంది. నాలుక కరుచుకున్నాడు. "అక్కా... నువ్వు ఆ అన్నకి..."

"ఏ ఊళ్ళో ఆస్పత్రి?"

"చెప్పనని మాటిచ్చానక్కా. ఇటువైపు పనికొస్తున్నానంటే, బూట్ల వీధికి పోకు, పోయినా నా ఊసెత్తకు అన్నాడు. ఇది గోదాము కదా, ఇక్కడైతే ఫర్వాలేదనుకుని నోరు జారాను. నేను నడిచి తెస్తేనే ఆ ఇల్లు నడిచింది, ఇప్పుడు పోయి వాళ్ళ మీద బరువుగా కూర్చోనా అన్నాడు."

"బరువా!" ఆమె కళ్ళలోంచి నీళ్ళు దూకాయి. ఏడుపెంతో కోపమంత. ఇన్నాళ్ళూ తను పెట్టె ముందు కూర్చుని చెక్కను నిమురుతుంటే, రేవు మెట్ల మీద ముసలాయన అరిగిపోతుంటే, తన బరువు సంగతి తనొక్కడే తేల్చేసుకున్నాడా ఆ మహానుభావుడు? కనపడితే చెంప పగలగొట్టాలి. పగలగొట్టి, ఆ చెంప తన చెంపకు ఆనించుకుని వదలకుండా పట్టుకోవాలి.

"ఊరి పేరు చెప్పనన్నావు. దారి చూపించననలేదుగా?"

అతను బుర్ర గోక్కున్నాడు. "అది... అనలేదు."

"అయితే ఏమీ చెప్పకు. ముందు నడు. నేను వెనకాల వస్తాను."

"ఏమ్మా, ఇంకా అక్కడే కూలబడ్డావేం?"

మేస్త్రి పెద్దబల్ల దగ్గర్నుంచి వస్తున్నాడు. మొహమంతా నవ్వు. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు చూసి. రేవుకి వెళ్ళే వేళ దాటిపోయినా, ఈ సందడిలో ఆయన ఇంకా బయల్దేరలేదు.

"మన షెడ్డు బూట్లు తొడిగిన మొదటి మనిషి! ఊరికే పంపిస్తామా? అతని పాత బూట్లు ఇలా పట్రా. అడుగు అరిగిపోయి ఉంటుంది, కొత్త అడుగు వేసిద్దాం." మంచిచెయ్యి ముందుకు చాపాడు.

బూట్లు ఆమె ఒళ్ళో ఉన్నాయి, కొంగు కింద. అవి ఎవరివో తెలుసుకోవడానికి ఆయనకు కళ్ళక్కర్లేదు, వేళ్ళు చాలు. కొడుకు కాలు పోయిన సంగతి ఈ ఒక్క సాయంత్రం దాచేస్తే ఆ నవ్వు తెల్లారేదాకా ఉంటుంది. రేపు తనొక్కతే వెళ్ళి, కళ్ళారా చూసి, అప్పుడు నెమ్మదిగా చెప్పొచ్చు. ఆమెకు అలాగే చేయాలనిపించింది. చెయ్యి కొంగును ఇంకా దగ్గరకు లాక్కుంది కూడా.

మేస్త్రి చాపిన చెయ్యి అలాగే ఉంది.

ఆమె లేచింది. పక్కన ఉన్న ముక్కాలిపీటను కాలితో ఆయన వైపు జరిపింది. కొంగు తీసి, రెండు బూట్లూ ఆ చేతికి అందించింది.

"కూర్చుని చూడండి, మామయ్యా."